తూము మెట్టుకు బండి అడుగు తగలకూడదు: 1951 షెవర్లే 3100 పికప్‌కు ముందు సస్పెన్షన్ మార్పిడి

బండి 1951 షెవర్లే 3100, అర టన్ను పికప్, కుడిచేతి స్టీరింగు. వీల్‌బేస్ 116 అంగుళాలు, అంటే 2946 మి.మీ. ముందు ఐ-బీమ్ యాక్సిల్, కింగ్ పిన్నులు (చక్రాలు పక్కకు తిరిగే నిలువు పిన్నులు), చెరో పక్కా కమాను కట్టలు. ఉండేది తణుకు దగ్గర ఒక రైస్ మిల్లులో. కంపెనీ పెట్టిన ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజిను ఎప్పుడో పోయింది. ఇప్పుడున్నది నాలుగు సిలిండర్ల డీజిలు. యజమాని అడిగినవి మూడు: ముక్కు నాలుగంగుళాలు దిగాలి, ఎనభైలో స్టీరింగు చేతిలో ఊగకూడదు, ఇంటిల్లిపాదీ ఎక్కి భీమవరం వెళ్లొస్తే నడుములు పట్టెయ్యకూడదు. బియ్యం బస్తాలు మోసే పని ఈ బండికి ఇక లేదు.

వీటిలో రెండోదానికి సస్పెన్షన్ మార్చక్కర్లేదు. ముందు చక్రాన్ని జాకీ మీద లేపి పైనా కిందా పట్టుకు ఊపితే కింగ్ పిన్ను దగ్గర ఆట కంటికే కనబడింది. పిన్నులు, బుష్షులు, డ్రాగ్ లింకు బాల్ కప్పులు మారిస్తే సగం ఊగుడు పోయేది. కమాను కట్టలోంచి రెండు మూడు పట్టీలు తీసి, మెయిన్ పట్టీ కన్ను కిందికి తిప్పించుకుంటే 40 నుంచి 60 మి.మీ. దిగుతుంది కూడా. చాలా బండ్లకు ఇదే సరైన పని, ఖర్చూ తక్కువ, వద్దనుకున్న రోజు వెనక్కి తిప్పేసుకోవచ్చు. ఇంకా దిగాలంటే ఐ-బీమ్‌ను ఎర్రగా కాల్చి వంచుతామనే వాళ్లు దొరుకుతారు. ఆ జోలికి పోవద్దు. ఫోర్జింగు దూలాన్ని కొలిమిలో కాల్చాక దానికున్న హీట్ ట్రీట్‌మెంట్ పోతుంది. వంపు దగ్గర సన్నటి పగులు పడిందో లేదో చూసేందుకు పల్లెటూరి షెడ్డులో సాధనం ఉండదు.

అసలు స్థితిలో మిగిలిన బండికైతే, ఇక్కడ రాసిన పని చెయ్యొద్దనే చెబుతాం. 2021లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో చేర్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్, 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిను మార్పు లేకుండా ఉన్న బండ్లకే. ‘వీఏ’ అక్షరాల నంబరు కావాలనుకున్నవాళ్లు ఫ్రేమ్‌కు గ్రైండరు ఆనించకూడదు. ఈ బండికి ఇంజినే మారిపోయింది కాబట్టి ఆ దారి ముందే మూసుకుపోయింది. మామూలు రిజిస్ట్రేషన్‌లో ఉన్న బండికైనా మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఉంది. కంపెనీ ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా గట్టిగా చెప్పింది. రిజిస్టరింగ్ అధికారి దగ్గర, ఇన్సూరెన్సు దగ్గర రాతపూర్వకంగా తేల్చుకున్నాకే విడిభాగాలకు డబ్బు కట్టాలి. ఇక్కడ ఆ కాగితాలు చేతికొచ్చాకే పని మొదలైంది.

ఎత్తు ఎక్కడ తేలుతుంది

ఎంచుకున్నది మస్టాంగ్-2 పద్ధతి కిట్టు. 1974 నుంచి 1978 దాకా ఫోర్డ్ మస్టాంగ్-2 కారుకు వచ్చిన డబుల్ విష్‌బోన్ ముందుభాగం (ఒక్కో చక్రాన్నీ పైనొకటి, కిందొకటి చెయ్యి పట్టుకునేది) నుంచి పుట్టినది. పాత పికప్‌లకు ప్రపంచమంతా ఎక్కువగా వేసేది ఇదే. క్రాస్ మెంబర్ (ఫ్రేమ్ రెండు పట్టాలనూ కలిపే అడ్డ దూలం), దాని మీద రెండు టవర్లు, పైనా కిందా చేతులు, స్పిండిళ్లు (చక్రం తిరిగే ఇరుసులు), ముందువైపు ర్యాక్ అండ్ పినియన్, డిస్కు బ్రేకులు. విడి స్ప్రింగు బదులు కాయిల్ ఓవర్, అంటే షాక్ చుట్టూ స్ప్రింగు ఉన్న జత, తీసుకున్నాం.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. కింది చేతులు నేలకు సమాంతరంగా ఉన్నప్పుడే ఈ సస్పెన్షన్ సరిగ్గా పనిచేస్తుంది. చేతులు సమాంతరంగా ఉండాలన్నాక, క్రాస్ మెంబర్ నేలకు ఎంత ఎత్తులో ఉంటుందో టైరు, స్పిండిలు కలిసి తేల్చేస్తాయి. ఫ్రేమ్ ఎంత దిగిందన్నదానితో దానికి సంబంధం లేదు. ఫ్రేమ్ ఎంత దిగాలో క్రాస్ మెంబర్‌ను ఫ్రేమ్‌లో ఎంత పైకి ఎక్కించి వెల్డు చేశామన్నది చెబుతుంది. స్ప్రింగుకు ఈ రెండింటిలో దేన్నీ వదిలిపెట్టకూడదు. వెల్డు అయిపోయాక ఇంకా దిగాలని కాయిలు కోస్తే చేతులు పైకి వాలతాయి, క్రాస్ మెంబర్ నేలకు దగ్గరవుతుంది, ఎగుడుదిగుడుకు మిగిలిన ప్రయాణం తరిగిపోతుంది. దించాల్సిందంతా వెల్డింగుకు ముందే దించెయ్యాలి.

యజమాని చూపించిన ఫొటోలోని బండికి 15 అంగుళాల సన్న సైడువాల్ టైర్లున్నాయి. 205/60 ఆర్15 వేస్తే బరువు పడ్డాక స్పిండిలు మధ్యగీత నేలకు 298 మి.మీ. దగ్గర నిలుస్తుంది. ఈ కిట్టులో స్పిండిలు గీత నుంచి కింది చెయ్యి పిన్ను దాకా 100, అక్కణ్నుంచి క్రాస్ మెంబర్ అడుగు దాకా 55. అంటే అడుగున మిగిలేది 143. అదే 215/70 ఆర్16 వేస్తే స్పిండిలు 336కి వస్తుంది, అడుగున 181 మిగులుతుంది. రెండంగుళాలు దించే డ్రాప్ స్పిండిళ్లు ఎందుకు వద్దన్నామో కూడా ఈ లెక్కలోనే ఉంది. అవి ఫ్రేమ్‌తో పాటు క్రాస్ మెంబర్‌నూ 50 మి.మీ. కిందికి లాగేస్తాయి.

డెల్టాలో ఈ 38 మి.మీ. తేడా ఏ పాటిదో తూముల దగ్గర తెలుస్తుంది. కాలవ గట్టు రోడ్డు కింద ఉన్నది రేగడి, ఒండ్రు. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంగుతుంది. కాంక్రీటు తూము మాత్రం ఉన్న చోటే ఉంటుంది. నాలుగైదు సీజన్లు తిరిగేసరికి రెండు పక్కలా రోడ్డు దిగిపోయి తూము మెట్టులా పైకి తేలుతుంది. ఐఆర్‌సీ 99 (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం) ప్రకారం స్పీడు బ్రేకరంటే 3.7 మీటర్ల వెడల్పు, 100 మి.మీ. ఎత్తు, నున్నటి గుండ్రం. ఊళ్లలో పోసేవి ఆ కొలతలో ఉండవనుకోండి, కనీసం కంటికి కనబడతాయి, నెమ్మదిస్తాం. తూము మెట్టు కనబడదు. అరవైలో దాని మీదకెక్కి దిగేటప్పుడు సస్పెన్షన్ పూర్తిగా నొక్కుకుంటుంది. 70 మి.మీ. బంప్ ప్రయాణం (చక్రం పైకి లేవగలిగిన మేర) అనుకుంటే 181లో మిగిలేది 111. 143లో అయితే 73, ఆపైన ర్యాక్ బూట్లకే ముప్పు.

కాబట్టి టైరు 215/70 ఆర్16. ఫ్రేమ్ కింది అంచు ముందు చక్రం గీత దగ్గర 460 నుంచి 365కి, అంటే 95 మి.మీ. దిగడం. అడిగిన నాలుగంగుళాలకు ఓ ఆరేడు మిల్లీమీటర్లు తక్కువ. ఇంకా దిగితే పూర్తి బంప్‌లో, స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు, టైరు భుజం లోపలి ఫెండర్‌ను నాకుతుంది. ఫెండర్లు బిగించి, స్ప్రింగు తీసేసి, చక్రాన్ని జాకీతో పైకి నెట్టి చూస్తే 95 దగ్గర 22 మి.మీ. సందు మిగిలింది. అక్కడితో ఆపాం.

బరువు, స్ప్రింగు

కిట్టుతో వచ్చే స్ప్రింగు అమ్మేవాడు ఊహించిన ఇంజినుకు సరిపోయేది. మన ఇంజిను బరువు అతనికి తెలియదు. మిల్లులో కాటా ఉంది గనక ఆ సందేహమే లేదు. ముందు చక్రాలు రెండూ మాత్రమే ప్లాట్‌ఫాం మీదికి ఎక్కించి తూచాలి, తర్వాత బండి మొత్తం. ముందు 780 కిలోలు, మొత్తం 1510. రేడియేటర్లో నీళ్లు, ట్యాంకులో సగం డీజిలు, బానెట్, ఫెండర్లు, బంపర్ అన్నీ ఉండాలి. ఫెండర్లు విప్పేసి తూచిన బరువుతో స్ప్రింగు తెప్పించుకుని, బండి అంతా బిగించాక ముక్కు వాలిపోయిందని బాధపడేవాళ్లు చాలామంది.

780లోంచి చక్రాలు, డిస్కులు, స్పిండిళ్లు, చేతుల్లో సగం, ఇవన్నీ కలిపి వంద కిలోలు తీసేస్తే మిగిలింది 680. చక్రానికి 340. కింది చెయ్యి లోపలి పిన్ను నుంచి బాల్ జాయింటు దాకా 330 మి.మీ., స్ప్రింగు మధ్య దాకా 182. నిష్పత్తి 0.55. స్ప్రింగు మీద పడే బరువు 340ని 0.55తో భాగిస్తే 618 కిలోలు, న్యూటన్లలో సుమారు 6060.

గట్టిదనం ఎంత? గతుకుల రోడ్డుకు ముందు చక్రం సెకనుకు 1.3 సార్లు ఊగేలా పెట్టుకుంటే మెత్తగా ఉంటుంది, మరీ ఓడలా ఊగదు. ఆ ఊపుకు చక్రం దగ్గర మి.మీ.కు 22.7 న్యూటన్లు కావాలి. స్ప్రింగు దగ్గరికొస్తే నిష్పత్తిని వర్గం చెయ్యాలి: 22.7ను 0.3025తో భాగిస్తే 75. కాటలాగుల్లో స్ప్రింగులు అంగుళానికి పౌండ్లలో ఉంటాయి, దగ్గరిది 425, అంటే 74.4 న్యూటన్లు. బండి దిగాక అది 81 మి.మీ. నొక్కుకుంటుంది.

కిట్టుతో వచ్చినది 375. అది 92 మి.మీ. నొక్కుకుంటుంది. స్ప్రింగు దగ్గర తేడా 11, చక్రం దగ్గర 20. థ్రెడ్ కాలర్ తిప్పి ఆ 20 మి.మీ. పైకి తెచ్చుకోవచ్చు గానీ ఎత్తే తిరిగొస్తుంది, గట్టిదనం రాదు, తూము దగ్గర బంప్ స్టాపుకు ముందే చేరుకుంటుంది. పెట్టె విప్పకుండానే అవి తిరిగి వెళ్లిపోయాయి. కోసి గట్టి చేద్దామనే ఆలోచన కూడా వచ్చింది. ఎనిమిది చుట్లలో ఒకటి కోస్తే గట్టిదనం 14 శాతం పెరుగుతుంది, నిజమే. కానీ కాయిల్ ఓవర్ స్ప్రింగుకు చివర్లు చదును చేసి ఉంటాయి. కోసిన చివర సీటులో వాలుగా కూర్చుని షాక్ రాడ్డును పక్కకు నెడుతూ ఉంటుంది, సీలు కొన్నాళ్లకే కారుతుంది.

ఫ్రేమ్

సీ ఆకారపు ఫ్రేమ్ పట్టాల లోపల డెబ్బై ఏళ్ల తవుడు, ఊక, గ్రీజు కలిసి చాపలా అంటుకుని ఉంది. ఊక తడి పీల్చి పట్టుకుంటుంది, ఇనుము ఆ తడిలోనే నానుతుంది. బయట నుంచి పెయింటు నున్నగా ఉన్నా లోపల గీకి చూడాల్సిందే. చిన్న సుత్తితో ప్రతి రెండంగుళాలకూ తట్టుకుంటూ పోతే మంచి చోట గంటలా మోగుతుంది, చెడిన చోట డొల్లగా డప్‌మంటుంది. కుడి పట్టాకు కింది అంచులో, స్టీరింగు బాక్సు వెనక, అరచెయ్యంత మేర 2 మి.మీ. మాత్రమే మిగిలింది. మంచి చోట 3.4 ఉంది. ఆ ముక్క కోసేసి కొత్త ప్లేటు అతికించాం. మూలలు నిటారుగా కాకుండా ఏటవాలుగా కోయాలి, నిలువు వెల్డు గీత దగ్గరే ఫ్రేములు విరుగుతాయి.

తర్వాత నలుచదరం. బండి నాలుగు స్టాండ్ల మీద, తాపీ మేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబుతో లెవెలు. ఫ్రేమ్ మీది ఫ్యాక్టరీ రంధ్రాల నుంచి తూకం గుండు వదిలి, నేల మీద గుర్తులు పెట్టి, ఆ గుర్తుల మధ్య ఎదురు మూలల కొలతలు (కర్ణాలు) తీశాం. రెండు కర్ణాల తేడా 3 మి.మీ. లోపు ఉండాలి, ఇక్కడ 9 వచ్చింది. ఎప్పుడో ఎడమ ముక్కు దేనికో గుద్దుకుని వెనక్కి జరిగింది. గొలుసు, హైడ్రాలిక్ జాకీతో లాగి 2కు తెచ్చాం. ఇది చెయ్యకుండా క్రాస్ మెంబర్ వెల్డు చేస్తే ఒక చక్రం ఇంకోదానికంటే వెనక పడుతుంది, ఏ అలైన్‌మెంటు మిషనూ దాన్ని సరిచెయ్యలేదు.

పాత చక్రం గీతను, యాక్సిల్ ఇంకా బండి మీద ఉండగానే, బరువు మీద ఉండగానే, సెంటర్ బోల్టు దగ్గర ఫ్రేమ్ పక్కన పంచ్‌తో గుర్తు పెట్టుకోవాలి. యాక్సిల్ విప్పేశాక ఆ గీత వెతుక్కోవడం వృథా శ్రమ.

విప్పడం గురించి చెప్పడానికేం లేదు. కమాను హ్యాంగర్లకు రివెట్లుంటాయి, తలలు గ్రైండరుతో కోసి పంచ్‌తో దించాలి. గ్యాస్ కటింగు వద్దు, రంధ్రం చుట్టూ ఇనుము పాడవుతుంది.

వెల్డింగు

మొదట ఫ్రేమ్ వాలు పెట్టుకోవాలి. బండి పూర్తయ్యాక వెనక ఫ్రేమ్ అంచు 427, ముందు 365 ఉండాలని అనుకున్నాం. తేడా 62 మి.మీ., 2946 మీద అది 1.2 డిగ్రీలు. స్టాండ్ల మీద ఫ్రేమ్‌ను సరిగ్గా ఆ వాలులో కూర్చోబెట్టి, క్రాస్ మెంబర్‌ను మాత్రం నేలకు లెవెలుగా పెట్టాలి. ఫ్రేమ్‌కు సమాంతరంగా పెడితే ముక్కు వాలినంత మేర క్యాస్టర్ (చక్రం పక్కకు తిరిగే గీత పైభాగం వెనక్కి వాలిన కోణం) పోతుంది. 2.5 అనుకున్నది 1.3 అవుతుంది, బండి తిన్నగా పోదు, స్టీరింగు తిప్పి వదిలితే వెనక్కి రాదు.

సీ పట్టాను పెట్టెలా మూసేందుకు 3.15 మి.మీ. షీటు, ఒక్కో పక్కా 900 మి.మీ. పొడవు. క్రాస్ మెంబర్ ఒత్తిడి అంతా ఇక్కడే పడుతుంది కాబట్టి తెరిచి ఉన్న పట్టాకు వెల్డు చెయ్యకూడదు. 50 మి.మీ. వెల్డు, 50 వదిలి, మళ్లీ అటు చివర నుంచి. చల్లారాకే వదిలిన చోట్లు నింపాలి. మూసిన పెట్టెలో నీరు నిలవకుండా అడుగున పల్లపు చోట్ల 12 మి.మీ. రంధ్రాలు, చివరికి లోపల క్యావిటీ వ్యాక్సు. ఉప్పు గాలి తగిలే నరసాపురం, అంతర్వేది వైపు బండ్లకు ఈ రంధ్రాలు మర్చిపోతే పెట్టె లోపలి నుంచి తినేస్తుంది, బయటికి కనబడేసరికి ఆలస్యం అయిపోతుంది.

మిగ్ వాడాం. తీగ 1 మి.మీ., ఈఆర్70ఎస్-6, ఆర్గాన్-కార్బన్ డయాక్సైడ్ కలిపిన గ్యాసు. రాడ్డు వెల్డింగు చేసేవాళ్లు ఊరి షాపులో దొరికే 6013తో ఇక్కడ కానివ్వకూడదు, 7018 కావాలి. అది తడి పీల్చే రకం. మన గాలిలో పెట్టె తెరిచి వదిలేస్తే వెల్డులో సన్నటి బుడగలు వస్తాయి. 300 నుంచి 350 డిగ్రీల దగ్గర గంటకు తగ్గకుండా కాల్చి వేడివేడిగా వాడాలి. కరెంటు సంగతి ఇంకోటి. మిల్లులో పెద్ద మోటార్లు స్టార్టయిన ప్రతిసారీ వోల్టేజీ కుంగుతుంది, మిగ్ చప్పుడు మారిపోతుంది. ఆ క్షణంలో పడ్డ వెల్డు పైకి అందంగానే ఉంటుంది, కింద ఇనుములో కలవదు. అందుకే అసలు వెల్డింగంతా మిల్లు ఆపిన పూటే జరిగింది.

టవర్లు వేడికి లోపలికి లాగుతాయి. ఎడమ టవరు చుట్టూ ఒక విడత వెల్డు పడ్డాక కొలిస్తే పైభాగం 2 మి.మీ. లోపలికొచ్చింది. పై చెయ్యికీ కింది చెయ్యికీ మధ్య నిలువు దూరం 250, కాబట్టి 2 మి.మీ. అంటే దాదాపు 0.46 డిగ్రీల క్యాంబర్ (చక్రం లోపలికో బయటికో వాలిన కోణం). అక్కడితో ఆపి రెండు టవర్ల మధ్య మందపాటి పైపు ముక్కను ప్రాపుగా కొట్టి బిగించి, మిగతాది పూర్తి చేశాం. కుడి టవరు కదల్లేదు. ఎడమది స్లాట్లలో సర్దుబాటు సరిపోయింది గానీ ప్రాపు మొదటి టాకా కంటే ముందే పడాల్సింది.

ఇంజిను సంప్‌కూ క్రాస్ మెంబర్‌కూ మధ్య 14 మి.మీ. మిగిలింది. ఇంజిను మౌంట్ల మీద ఎగురుతుంది కాబట్టి 25 లేకపోతే ఒప్పుకోకూడదు. మౌంట్ల కింద 12 మి.మీ. ప్యాకింగు పెట్టాం. దాంతో ఫ్యాన్ ష్రౌడ్ మధ్యలోకి రాలేదు, దాన్నీ 12 పైకి జరపాల్సి వచ్చింది.

కుడిచేతి ర్యాక్

కిట్టులు ఎక్కువగా ఎడమచేతి దేశాలకు తయారవుతాయి. పినియన్ ఎడమకు వస్తుంది. దాన్ని బోర్లా తిప్పి కుడికి పెట్టుకోవచ్చని సలహా ఇచ్చేవాళ్లున్నారు. బోర్లా తిప్పితే పినియన్ కుడికి వస్తుంది, నిజమే. కానీ స్టీరింగు కుడికి తిప్పితే చక్రాలు ఎడమకు తిరుగుతాయి. యాక్సిల్ వెనక పెట్టే ర్యాక్‌కైతే ఆ తిరగబాటు మళ్లీ సరిపోతుంది, ముందు పెట్టేదానికి సరిపోదు. కుడిచేతి ర్యాక్ అని విడిగా చేసిందే తెప్పించుకోవాలి. ఆస్ట్రేలియాలోనూ కుడి స్టీరింగే, అక్కడి హాట్ రాడ్ వాళ్లు ఇవి వాడతారు.

వచ్చిన ర్యాక్ హౌసింగు కాళ్లు క్రాస్ మెంబర్ చెవులకు సరిగ్గా కూర్చోలేదు, 6 మి.మీ. పైకి నిలబడింది. చూడ్డానికి చిన్న విషయం. టై రాడ్డు, కింది చెయ్యి ఒకే పొడవులో, ఒకే వాలులో ఉంటేనే చక్రం పైకీ కిందికీ కదిలినప్పుడు దిశ మారదు. ర్యాక్ పైకి ఉంటే టై రాడ్డు బయటికి వాలి ఉంటుంది. చక్రం పైకి లేచేకొద్దీ రాడ్డు సమాంతరానికి వస్తూ స్టీరింగు చేతిని బయటికి తోస్తుంది. ముందు స్టీరింగు కాబట్టి అది టో-అవుట్, అంటే చక్రం ముందు అంచు బయటికి తిరగడం.

పరీక్ష ఇలా: స్ప్రింగులు తీసేసి, హబ్‌కు తిన్నని అల్యూమినియం పట్టీ బిగించి, జాకీతో చక్రాన్ని 50 కింద నుంచి 60 పైకి, 10 మి.మీ. చొప్పున లేపుతూ, ప్రతిసారీ పట్టీ ముందు చివర, వెనక చివర నుంచి గోడకు దూరం రాసుకోవాలి. 50 మి.మీ. బంప్ దగ్గర 4 మి.మీ. టో-అవుట్ వచ్చింది. ఒక చక్రం తూము ఎక్కిన ప్రతిసారీ బండి దానంతట అదే పక్కకు తిరుగుతుందన్నమాట. చెవుల మీది లోహం గీకడం కాకుండా, కిందికి జరిపిన కొత్త చెవులు వెల్డు చేసి ర్యాక్‌ను 6 దించాం. ఇప్పుడు అదే చోట ఒక మి.మీ. లోపే. ఈ పరీక్ష చెయ్యకుండా రోడ్డెక్కిన బండ్లే ఎక్కువ. ‘బండి అటూ ఇటూ పోతోంది’ అనే ఫిర్యాదుకు అలైన్‌మెంటు షాపులో జవాబు దొరక్కపోవడానికి కారణం ఇదే.

స్టీరింగు షాఫ్టుకు రెండు యూనివర్సల్ జాయింట్లు, ఒక్కోదానికి 30 డిగ్రీల్లోపు వంపు. ఫోర్కులు ఒకే వరసలో ఉండాలి, లేకపోతే స్టీరింగు ఒక్కో చుట్టులో బరువుగా, తేలిగ్గా మారుతుంది. పవర్ స్టీరింగు పెట్టలేదు, పాత పెద్ద చక్రమే ఉంచాం.

బ్రేకులు, చక్రాలు

3100కు 6 బోల్టులు, 139.7 మి.మీ. వృత్తం. మస్టాంగ్-2 పద్ధతి కిట్టులకు ఎక్కువగా 5 బోల్టులు, 114.3. ముందు అయిదు, వెనక ఆరు పెట్టుకుని రెండు స్టెపినీలు మోసే కంటే ముందు డిస్కులే ఆరు బోల్టులవి తీసుకోవడం నయం. అలాకాక వెనక యాక్సిల్ మారుద్దామంటే టార్క్ ట్యూబు (ప్రొపెల్లర్ షాఫ్టును మూసి ఉంచే గొట్టం) పోతుంది, ప్రొపెల్లర్ షాఫ్టు కొత్తది కావాలి, గేర్‌బాక్సు వెనక భాగమూ మారాలి. అయిదు బోల్టుల్లోనే ఉంటామనేవాళ్లు ఇన్నోవా రిమ్ములు సరిపోతాయని తెచ్చుకుంటారు. వృత్తం సరిపోతుంది, మధ్య రంధ్రం 60.1 మాత్రమే, హబ్ మూతి అందులో పట్టదు.

16 అంగుళాల స్టీలు రిమ్ము కాలిపర్‌కు తగులుతుందో లేదో చూడ్డానికి మైదా ముద్ద చాలు. కాలిపర్ మూలల మీద చిన్న ఉండలు అంటించి, రిమ్ము బిగించి, చేత్తో ఒక చుట్టు తిప్పి విప్పాలి. ఉండ మిగిలిన మందమే సందు. 3 మి.మీ. కంటే తక్కువైతే ఆ రిమ్ము వద్దు. పాత రిమ్ములకు లోపల రివెట్ తలలుంటాయి, ఇక్కడ తగిలినవి అవే.

పాత మాస్టర్ సిలిండరు కింద ఫ్రేమ్ మీదే ఉంటుంది, సర్క్యూటు ఒక్కటే. దాని చోట రెండు సర్క్యూట్లది వేశాం. ముందు డిస్కు లైనుకు 2 పీఎస్ఐ, వెనక డ్రమ్ము లైనుకు 10 పీఎస్ఐ రెసిడ్యువల్ వాల్వులు (పెడలు వదిలాక కూడా లైనులో కొంత ఒత్తిడి నిలిపి ఉంచేవి). మాస్టర్ కాలిపర్ల కంటే కిందుంది కాబట్టి 2 లేకపోతే ద్రవం వెనక్కి జారి, పెడలు రెండోసారి తొక్కితే గానీ పట్టదు. మొదటి ట్రయల్‌లో ఏడు కిలోమీటర్లకే ముందు రిమ్ములు చెయ్యి పెట్టలేనంత వేడెక్కాయి. కారణం: కొత్త మాస్టర్ డ్రమ్ము బండ్ల కోసం చేసింది, రెండు మూతుల్లోనూ లోపల 10 వాల్వు దాగి ఉంది. ముందు మూతి లోంచి దాన్ని తీసేశాక తగ్గింది. కొత్త మాస్టర్ పెట్టె మీద ఏం రాసి ఉన్నా, మూతిలోకి సన్న తీగ పెట్టి చూసుకోవాలి.

వెనక 40 మి.మీ. దించాలంటే విజయవాడ ఆటోనగర్‌లో కమాను వంపు తగ్గించి, ఒక పట్టీ తీసేస్తే సరిపోయింది. అంతకు మించి వెనక జోలికి పోలేదు.

అలైన్‌మెంటు, ట్రయల్

చేతుల రబ్బరు బుష్షుల బోల్టులు బండి తన ఎత్తులో, చక్రాల మీద నిలబడ్డాకే బిగించాలి. వేలాడుతున్నప్పుడు బిగిస్తే రబ్బరు మెలిపడే ఉంటుంది, వెయ్యి కిలోమీటర్లకు చిరుగుతుంది. వీల్ బేరింగులు చక్రం తిప్పుతూ ఓ మోస్తరుగా బిగించి, వదిలి, మళ్లీ వేళ్లతో మాత్రమే బిగించి కాటర్ పిన్ను వెయ్యాలి.

పెట్టిన కోణాలు: క్యాంబర్ మైనస్ 0.5, క్యాస్టర్ కుడికి 2.25, ఎడమకు 2.5, టో-ఇన్ మొత్తం 2 మి.మీ. రోడ్డు మధ్య ఎత్తుగా ఉండి మనం ఎడమ పక్క నడుస్తాం కాబట్టి బండి ఎడమకు లాగుతుంది. ఎడమ క్యాస్టర్ పావు డిగ్రీ ఎక్కువుంటే ఆ లాగుడు తీరుతుంది. కంప్యూటర్ షాపుకు వెళ్లి ‘రెండూ సమానం చెయ్యి’ అంటే ఆ పావు డిగ్రీ పోతుంది.

షాక్‌ల రీబౌండు మొదట గట్టిగా పెట్టాం. హైవే మీద బాగుంది, కాలవ గట్టు మీద మాత్రం ముక్కు కొంచెం కొంచెంగా కూర్చుండిపోయింది. గట్టు రోడ్డు అలలు దగ్గర దగ్గరగా ఉంటాయి. ఒక అలకు నొక్కుకున్న చక్రం తిరిగి చాచుకునే లోపే ఇంకో అల వచ్చేస్తుంది, ప్రతి అలకూ కొంత ప్రయాణం పోతుంది. మూడు క్లిక్కులు వదిలాక నిలబడింది.

చివరి పరీక్ష తూము మీదే. రెండు షాక్‌ల రాడ్డు మీదా బిగుతుగా రబ్బరు ఓ-రింగు ఎక్కించి, సీలు దాకా జరిపి, నలుగురు ఎక్కి, గట్టు రోడ్డులో బాగా తేలిన తూము మీద నలభైలో ఒకసారి, అరవైలో ఒకసారి. దిగి చూస్తే అరవై దగ్గర ఎడమ రింగు 31 మి.మీ. జరిగింది. 0.55తో భాగిస్తే చక్రం దగ్గర 56. ఉన్నది 70, బంప్ స్టాపు తాకలేదు. అడుగున పూసిన సున్నం గీత చెక్కుచెదరలేదు.

వంద కిలోమీటర్లకు ఒకసారి, అయిదొందలకు ఒకసారి క్రాస్ మెంబర్ చుట్టూ బోల్టులన్నీ టార్కు రెంచితో చూశాం. రెండోసారి కుడి పై చెయ్యి స్లాటు బోల్టు కొంచెం వదిలి ఉంది, టో 1 మి.మీ. మారింది. రెంచి ఆనించే ముందే పెయింటు గీత పెట్టుకుంటే ఏది జరిగిందో కంటికే తెలుస్తుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో కాలవలు పొంగి రోడ్డు మీద మోకాలు లోతు నీళ్లలోంచి వెళ్లొస్తే, ఆ వారంలోనే ముందు హబ్బులు విప్పి గ్రీజు రంగు చూడాలి. పాల రంగులోకి తిరిగిందంటే నీరు చేరినట్టే, బేరింగులు కడిగి కొత్త గ్రీజు పట్టించాలి.